తొమ్మిది తెల్ల మాత్రలు

డబ్బా కిందపడ్డ చప్పుడుకి వల్లి గుండె ఝల్లుమంది.

ట్రంకు పెట్టె మీదికెక్కి, పై అరలో ఉన్న జామెట్రీ బాక్సు అందుకోబోయింది. మోచెయ్యి తగిలి పక్కనున్న బిస్కట్ల డబ్బా జారిపోయింది. మూత ఒక మూలకి దొర్లింది. లోపలున్న రెండు కాగితం పొట్లాలూ విప్పుకుపోయాయి. వాటిలోని మాత్రలు గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి.

"ఏటే ఆ చప్పుడు?" వీధి గదిలోంచి అమ్మ కనకం కేకేసింది.

"ఏమీ లేదమ్మా! ఖాళీ డబ్బా పడింది!"

అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చేసిందో వల్లికే తెలియలేదు.

ట్రంకు పెట్టె ఎక్కొద్దని అమ్మ వంద సార్లు చెప్పింది. మందుల డబ్బా ముట్టుకోవద్దని రెండొందల సార్లు చెప్పింది. ఇప్పుడు చూసిందంటే వీపు విమానం మోతే. పైగా అమ్మ రతన్‌పూర్ అమ్మవారి గుడికి బయల్దేరుతోంది. పక్క క్వార్టర్ మంగాయమ్మత్త అప్పటికే రిక్షాలో కూర్చుని, "బస్సెల్లిపోద్ది కనకం!" అని తొందర పెడుతోంది.

వల్లి మోకాళ్ల మీద వంగి గబగబా మాత్రలు ఏరింది. మంచం కింద ఒకటి. చాప అంచున రెండు. అన్నీ కలిపి తొమ్మిది.

తొమ్మిదే ఉండాలి. నిన్న సాయంత్రం అమ్మ లెక్కపెడుతుంటే వల్లి విన్నది. "అత్తయ్యా, మీ బి.పి. మాత్రలు ఆరున్నాయి. రోజుకి రెండు కాబట్టి సోమవారం దాకా సరిపోతాయి. ఆయన షుగర్ మాత్రలు లైన్‌కి పట్టుకెళ్లగా మూడు మిగిలాయి."

వల్లి నాన్న ఆదినారాయణ రైల్వేలో గూడ్స్ గార్డు. ఆ ఉద్యోగం మీదే ఈ హిందీ ఊళ్లో రైల్వే క్వార్టర్‌కి వచ్చారు. నిన్ననే డ్యూటీ మీద రాయగఢ్ వైపు వెళ్లాడు.

ఆరు నానమ్మవి. మూడు నాన్నవి. కానీ ఏవి ఏవి?

అన్నీ తెల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉన్నాయి. అన్నిటికీ మధ్యలో ఒక గీత ఉంది. వల్లి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. ఇది కాస్త లావుగా ఉందా? ఏమో. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

"వల్లీ, తలుపు దగ్గరగా వెయ్యి! నే వెళ్తున్నాను!"

"అలాగేనమ్మా!"

నానమ్మకి చదువు రాదు. అందుకని ఆవిడ పొట్లం మీద అమ్మ ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది. వల్లి ఆ ఎర్రగీత పొట్లంలో చేతికొచ్చిన ఆరు మాత్రలు వేసి మడిచింది. మిగిలిన మూడూ నాన్న పొట్లంలో వేసింది. డబ్బా మూత బిగించి పైన పెట్టేసింది.

రిక్షా గంట మోగించుకుంటూ వెళ్లిపోయింది.

రెండు నెలల కిందట జరిగింది వల్లికి గుర్తుకొచ్చింది. నాన్న షుగర్ మాత్ర వేసుకుని, అన్నం తినకుండానే డ్యూటీకి పరుగెత్తాడు. స్టేషన్‌లోనే ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కూలబడిపోయాడు. ఎవరో చక్కెర నీళ్లు తాగించి లేపారు. "ఈ మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది," అని డాక్టరు కేకలేశాడట.

వల్లి ఆ ఆలోచనని పక్కకి తోసేసింది. తొమ్మిదిలో ఆరు నానమ్మవేగా! మూడే నాన్నవి. మంచివే ఎక్కువ. నానమ్మ చేతికి మంచివే వస్తాయిలే.

వరండాలో నానమ్మ అప్పయమ్మ గోడకి ఆనుకుని కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"బడికెల్తున్నావేటే? జాగర్తగా ఎల్లు. మజ్జిగ చిలికి పెట్టింది కదా మీ అమ్మ?"

"పెట్టింది నానమ్మా. అన్నం కూడా వండింది. తినేసి మాత్రలు వేసుకో."

"అన్నవేటి, ఈయేళ శనివారం కాదేటి? దీపం పెట్టేదాకా గింజ ముట్టను. లోకో షెడ్డు పన్నెండు కూతకి మజ్జిగతో మాత్రలు మింగేస్తాను."

వల్లి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

*

మూడో పీరియడ్ లెక్కలు. తిరుమలరావు సార్ బల్ల మీద అయిదు చీటీలు పెట్టారు.

"స్పోర్ట్స్ డే నాడు ముందు జెండా పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. అయిదుగురు పేర్లిచ్చారు. ముగ్గురబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు. కళ్లు మూసుకుని రెండు చీటీలు తీస్తాను. అచ్ఛా, తీసే ముందు ఒక ప్రశ్న. ఆ ఇద్దరిలో కనీసం ఒక అమ్మాయైనా ఉంటుందా? ఉండే అవకాశం ఎక్కువా, ఉండకపోయే అవకాశం ఎక్కువా?"

వెనక బెంచీ మనీష్ లేచాడు. "ఉండకపోవడమే ఎక్కువ సార్. అబ్బాయిలు ముగ్గురు, అమ్మాయిలు ఇద్దరేగా!"

కొంతమంది చప్పట్లు కొట్టారు. వల్లికి కూడా అది సరైన జవాబే అనిపించింది. పొద్దున్న తను వేసుకున్న లెక్కా అదే.

సార్ నవ్వారు. "ఒక్క చీటీ తీస్తే నువ్వన్నది నిజమే మనీష్. కానీ నేను తీసేది రెండు. ఎన్ని రకాల జట్లు రావచ్చో లెక్కపెడదాం."

బోర్డు మీద అయిదు చుక్కలు పెట్టారు. మొదటి చుక్క నుంచి మిగిలిన నాలుగింటికీ నాలుగు గీతలు గీశారు. రెండో చుక్క నుంచి కొత్తగా మూడు. మూడో దాన్నుంచి రెండు. నాలుగో దాన్నుంచి ఒకటి.

"నాలుగూ మూడూ రెండూ ఒకటీ. మొత్తం పది జట్లు. ఒక్కో గీత ఒక్కో జట్టు. ఇందులో ఇద్దరూ అబ్బాయిలే ఉన్న జట్లు ఎన్ని?"

"రెండూ ఒకటీ... మూడే సార్!" అంది ముందు బెంచీలోని అమ్మాయి.

"మరి అమ్మాయి ఉన్న జట్లు?"

క్లాసంతా మిగిలిన గీతలు లెక్కపెట్టింది. "ఏడు!"

"పదిలో ఏడు. చూశారా! తక్కువమందే కదా అని తీసిపారేశాం. రెండు తీసేసరికి లెక్క తారుమారైంది. మనసుకి తోచినది వేరు, లెక్కపెడితే తేలినది వేరు."

వల్లి బోర్డు మీది గీతలు మళ్లీ లెక్కపెట్టింది.

నానమ్మ కూడా ఒకటి తియ్యదు. రెండు తీస్తుంది.

వల్లి నోట్సు చివరి పేజీ తిప్పింది. ఆరు సున్నాలు గీసింది. అవి నానమ్మవి. పక్కన మూడు ఇంటూ గుర్తులు పెట్టింది. అవి నాన్నవి. పొట్లాల్లో తను ఎలా సర్దినా, నానమ్మ చేతికి వచ్చేవి ఈ తొమ్మిదిలో ఏవో రెండు.

మొదటి దాన్నుంచి ఎనిమిది గీతలు. తర్వాత ఏడు. తర్వాత ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. కూడింది. ముప్ఫై ఆరు.

రెండూ నానమ్మవే అయ్యే జట్లు? ఆరు సున్నాల మధ్య గీతలు మాత్రం లెక్కపెట్టింది. అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. పదిహేను.

పెన్సిల్ ఆగిపోయింది.

ముప్ఫై ఆరులో మంచివి పదిహేనే. మిగిలిన ఇరవై ఒకటిలో నాన్న మాత్ర ఒకటైనా ఉంటుంది. సగం కన్నా ఎక్కువ.

తప్పు చేశానేమోనని మళ్లీ కూడింది. మళ్లీ ఇరవై ఒకటే.

నానమ్మ ఉపవాసం. కడుపులో మజ్జిగ తప్ప ఏమీ ఉండదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"వల్లీ, ఏమైంది? ఒంట్లో బాగోలేదా?" సార్ దగ్గరికొచ్చారు.

పేజీ మూసేద్దామనుకుంది వల్లి. చెయ్యి కదల్లేదు.

"సార్, టైమెంత?"

"పన్నెండుకి ఇరవై నిమిషాలుంది. ఏం?"

"సార్... నేను మాత్రలు కలిపేశాను సార్!" వల్లి ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాన్న షుగర్ మాత్రలూ, నానమ్మ మాత్రలూ. పన్నెండు కూతకి నానమ్మ వేసేసుకుంటుంది. ఇవాళ ఏమీ తినదు సార్!"

సార్ ఆ పేజీ కేసి చూశారు. ఆ సున్నాలు, ఇంటూలు, గజిబిజి గీతలు చూశారు. సుద్దముక్క బల్ల మీద పడేశారు.

"మనీష్, హెడ్‌మాస్టర్ గారితో చెప్పు, నేను వల్లి వాళ్లింటికి వెళ్తున్నానని. పద వల్లీ!"

*

సార్ సైకిలు తొక్కుతున్నారు. వల్లి వెనక క్యారియర్ మీద కూర్చుని సీటు గట్టిగా పట్టుకుంది. బడి పట్టాలకి ఇవతల. వాళ్ల క్వార్టర్ అవతల.

దూరం నుంచే కనిపించింది, రైలు గేటు పడి ఉంది.

బొగ్గు గూడ్స్ ఒకటి గేటుకి అడ్డంగా నిలబడిపోయింది. ఇటు చివర కనపడదు, అటు చివర కనపడదు. ఇటువైపు రిక్షాలు, లారీలు వరసగా ఆగిపోయాయి.

"ఎంతసేపవుతుంది భాయ్?" అని సార్ గేట్‌మన్‌ని అడిగారు.

"సిగ్నల్ నహీ మిలా మాస్టర్‌జీ. క్యా మాలూమ్!" సిగ్నల్ ఇంకా రాలేదని చేతులు విప్పాడు అతను.

వల్లి క్యారియర్ మీంచి దూకింది. గేటు కిందనుంచి దూరి పట్టాల వైపు పరుగెత్తింది. కాలనీ పెద్దపిల్లలు ఆగిన బండి కిందనుంచి దాటడం తను చాలాసార్లు చూసింది. రెండు నిమిషాల పని. చక్రాల మధ్య చీకటి కనిపించింది. వంగింది.

వెనకనుంచి ఎవరో జడ పట్టుకుని గుంజారు. వల్లి మోకాలు కంకరకి గీసుకుంటూ వెనక్కి పడింది.

"మర్‌నా హై క్యా బిటియా?" చావాలనుందా అని గేట్‌మన్ అరిచాడు.

అదే క్షణంలో గూడ్స్ ఒక్క కుదుపుతో కదిలింది. ఢాం, ఢాం, ఢాం అని ఒక వ్యాగన్ తర్వాత ఒకటి గుద్దుకున్నాయి. తను వంగిన చోట చక్రం అరచేతి వెడల్పు ముందుకి జరిగి మళ్లీ ఆగింది.

సార్ మొహం పాలిపోయింది. వల్లిని లేపి నిలబెట్టారు.

"ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు. అదిగో వంతెన. మెట్లెక్కి పరుగెత్తు. గేటు తియ్యగానే నేను రిక్షా తీసుకుని వస్తాను. వెళ్లగానే బెల్లమో చక్కెరో తినిపించు. వినపడిందా?"

వల్లి పరుగు తీసింది. వంతెన దాకా పట్టాల పక్కనే ఇంకా చాలా దూరం. మోకాలు దోక్కుపోయి రక్తం కారుతోంది. వంతెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

వంతెన సగం దాటేసరికి లోకో షెడ్ కూత మొదలైంది.

రోజూ వినే కూతే. ఇవాళ మాత్రం అది వినగానే వల్లి ఇంకా వేగం పెంచింది. "వద్దు నానమ్మా, వద్దు," అనుకుంటూ దిగింది. క్వార్టర్ల వరస. మూడో సందు. గేటు. వరండా.

నానమ్మ గోడకి ఆనుకునే కూర్చుంది. చేతిలో స్టీలు గ్లాసు. అప్పుడే పెదాలు తుడుచుకుంటోంది.

"ఓలమ్మో, ఇంత బేగి వొచ్చీసినావేటే! ఆ రగతవేటి?"

"మాత్రలు! నానమ్మా, మాత్రలు వేసుకున్నావా?"

"ఇప్పుడే మింగినాను. ఏటి?"

వల్లి వంటింట్లోకి పరుగెత్తింది. బెల్లం డబ్బాలోంచి పెద్ద గడ్డ తెచ్చి నానమ్మ నోటి దగ్గర పెట్టింది.

"తిను. తొందరగా తిను!"

నానమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "ఇదేటి! శనివారం పూట నోట్లో ఏటీ ఎయ్యనని నీకు తెల్దా? నలభై ఏళ్ల నించి ఒక్కరోజు తప్పనేదు."

"నానమ్మా, తినాలి!"

"ఎందుకు తినాలి? అది సెప్పు ముందు."

ఇంక దాచడానికి చోటు లేదు. నానమ్మ కళ్లలోకి చూడలేక, చేతిలోని బెల్లం కేసి చూస్తూ చెప్పింది వల్లి. పెట్టె ఎక్కడం, డబ్బా పడటం, మాత్రలు ఏరడం, ఏమీ ఎరగనట్టు బడికి వెళ్లిపోవడం, అన్నీ.

"నువ్వు మింగినవి నాన్నవి కావచ్చు. నాకు తెలీదు. కానీ అలా అయ్యే అవకాశమే ఎక్కువ నానమ్మా. లెక్కపెట్టాను."

నానమ్మ మనవరాలి మొహం చూసింది. చిట్లిన మోకాలు చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. బెల్లం గడ్డ అందుకుని కొరికింది.

"ఆ సామికి తెలుసులే. నీళ్లు తే. ఆ అన్నం గిన్నె కూడా తే."

సార్ రిక్షాతో వచ్చేసరికి నానమ్మ పెరుగన్నం తింటోంది.

*

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "ఏమి మింగారు? ఎప్పుడు?"

సార్ జవాబు చెప్పబోయారు. వల్లి ముందుకొచ్చింది.

"సరిగ్గా పన్నెండుకి. రెండు మాత్రలు. బి.పి.వి ఆరు, షుగర్‌వి మూడు కలిసిపోయాయి మేడమ్. నేనే కలిపాను. మిగిలిన ఏడూ ఇవిగో." రెండు పొట్లాలూ బల్ల మీద పెట్టింది.

కాంపౌండరు దీపం కింద భూతద్దం పెట్టి ఒక్కో మాత్రా తిప్పి చూశాడు. వాటి అంచుల మీద సన్నటి అక్షరాలుంటాయట. ఒక్కోటి పక్కన పెడుతున్నాడు. వల్లి ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది.

బి.పి.వి అయిదు. షుగర్‌వి రెండు.

అంటే, ఒకటి నానమ్మ కడుపులో ఉంది.

నానమ్మని మంచం మీద పడుకోబెట్టారు. గంటకోసారి వేలు గుచ్చి రక్తం పరీక్ష చేశారు. రెండున్నరకి నానమ్మ నుదుటి మీద చెమట పట్టింది. పట్టుకున్న చెయ్యి సన్నగా వణకడం వల్లికి తెలిసింది. నానమ్మ మాట తడబడింది.

"డాక్టర్ మేడమ్!" అని అరిచింది వల్లి.

గ్లూకోజు సీసా ముందే సిద్ధంగా ఉంది. నర్సు నిమిషంలో సూది ఎక్కించింది. వల్లి గోడ పట్టుకుని నిలబడింది. సీసాలో బొట్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఎంతసేపు అలా చూస్తూ నిలబడిందో తెలీదు.

చివరికి నానమ్మ కళ్లు విప్పింది. "ఏటే, ఇంకా నిలబడే ఉన్నావు? కూకో."

డాక్టరమ్మ నాడి చూసి, "ఇక భయం లేదు. కానీ రేపటిదాకా ఇక్కడే ఉండాలి," అంది. సార్ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "ఉపవాసం, బి.పి. మనిషి అని మాత్రమే తెలిసి ఉంటే, మేం ముందు వేరేవేవో వెతికేవాళ్లం. అంత టైమ్ ఈవిడకి ఉండేది కాదు."

సార్ రైల్వే కంట్రోల్ ఆఫీసుకి వెళ్లారు, నాన్నకి కబురు చెప్పించడానికి. వార్డులో నానమ్మ, వల్లి మిగిలారు.

"ఇదిగో, విను," నానమ్మ గొంతు తగ్గించింది. "మీ అమ్మ వొచ్చీ వేళైంది. ఒంటిపూట ఉపాసం వల్ల కళ్లు తిరిగాయని సెప్తాను. నువ్వేటీ మాటాడకు. దాని కోపం నీకు తెల్దేటి? ఒకపాలి తిట్లు నేను తినేస్తే పోద్ది."

వల్లి తలూపింది. ఒళ్లంతా తేలికైనట్టు అనిపించింది.

కాసేపటికి వార్డు తలుపు దగ్గర అమ్మ కనిపించింది. జుట్టు రేగిపోయింది. చేతిలో ప్రసాదం పొట్లం నలిగిపోయింది. నానమ్మ కళ్లు తిరిగి పడిందని ఎవరు చెప్పారో ఏమో, బస్‌స్టాండ్ నుంచి సూటిగా వచ్చేసినట్టుంది. మంచం దగ్గరికొచ్చి నానమ్మ నుదురు, చేతులు తడిమింది. బాగానే ఉందని తెలిసిన మరుక్షణం బావురుమంది. ఏడుపు వెంటనే కోపమైంది.

"ఎన్నిసార్లు మొత్తుకున్నాను అత్తయ్యా, ఈ వయసులో ఒంటిపూటలు వద్దని! నా మాట వింటారా? మీకేమైనా అయితే ఆయనకి నేనేం జవాబు చెప్పాలి? మీ మొండితనంతో మమ్మల్ని చంపేస్తారా?"

నానమ్మ ఎవరి చేతా మాట పడే మనిషి కాదు. అలాంటిది తల వంచుకుంది.

"తప్పేనమ్మా. ఇంక మానేస్తానులే."

దుప్పటి కింద నానమ్మ చెయ్యి వల్లి చెయ్యిని గట్టిగా నొక్కింది. మాటాడకు అని.

వల్లి నానమ్మ వంచిన తల కేసి చూసింది. ఇందాకటి తేలిక ఎక్కడికో పోయింది. మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. స్టూలు మీంచి లేచి అమ్మకీ మంచానికీ మధ్య నిలబడింది.

"అమ్మా, నానమ్మని తిట్టకు. నానమ్మ తప్పేం లేదు."

"నువ్వూరుకో వల్లీ!"

"ఊరుకోనమ్మా. పొద్దున్న మందుల డబ్బా పడేసింది నేను. మాత్రలు కలిసిపోతే ఎలా పడితే అలా సర్దేసి, నీకు అబద్ధం చెప్పాను."

నానమ్మ కేసి ఊపుతున్న అమ్మ చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. నానమ్మ, "ఓలె, వొద్దే..." అనబోయింది.

వల్లి తల దించుకోలేదు.

"ఇంకా ఉందమ్మా," అంది. "నానమ్మ ఏమీ తినదని తెలిసీ బడికెళ్లిపోయాను. మొత్తం చెప్పనీ."